డీప్ హౌస్, సోల్‌ఫుల్ హౌస్ వినైల్: కొత్త సింగిలా, ఆల్బమా, రీఇష్యూనా?

నెల బడ్జెట్ ఒక్కటే, కార్టులో మాత్రం దానికి మూడింతల రికార్డులు. 80ల్లో చికాగో క్లబ్బుల్లో పుట్టిన డాన్స్ సంగీతం హౌస్, దాని వినైల్ కొనేవాళ్లందరిదీ ఇదే తిప్పలు. చికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ పెద్దలు ఇంకా కొత్త సంగీతం చేస్తూనే ఉన్నారు, లండన్, ఆమ్‌స్టర్‌డామ్, స్వీడన్ లేబుళ్లు (రికార్డు కంపెనీలు) ఏదో ఒకటి విడుదల చేస్తూనే ఉన్నాయి, పైగా 90ల నాటి సరుకంతా రీఇష్యూల పేరుతో మళ్లీ షాపుల్లోకి వస్తోంది. నా మాట ముందే చెప్పేస్తాను. కళాకారులు తమ సొంత లేబుల్ మీద వేసిన కొత్త 12 ఇంచుల రికార్డుకి మొదటి చోటు ఇవ్వండి, ఆల్బమ్‌కి రెండోది, రీఇష్యూని మాత్రం వివరాలన్నీ చదివాకే ముట్టుకోండి. ఈ వరస అందరికీ నప్పదు, ఎవరికి ఎక్కడ మారుతుందో కూడా చెప్తాను.

మీ చెవి ఎటు మొగ్గుతుందో ముందు తేల్చుకోండి. డీప్ హౌస్‌లో కీబోర్డు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు), కింద మెల్లగా కదిలే బేస్, గొంతు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఒంటరిగా రాత్రిపూట వినడానికి బాగుంటుంది. సోల్‌ఫుల్ హౌస్‌లో పూర్తి పాట ఉంటుంది, చర్చి గాయకబృందాల్లో పెరిగిన గొంతులు, ట్రంపెట్లు, వయొలిన్లు, పల్లవి చరణాలు అన్నీ. రెండిటికీ కింద అదే నాలుగు దెబ్బల కిక్ డ్రమ్. కొనేటప్పుడు ఈ తేడా ఎందుకంటే, సోల్‌ఫుల్‌లో ఒకే పాటకి నాలుగైదు వెర్షన్లు వస్తాయి, ఏ వెర్షన్ ఏ రికార్డులో ఉందో చూసుకోకపోతే మీరు ప్రేమించినది తప్ప మిగతావన్నీ ఇంటికొస్తాయి.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు, ఒక్కో వైపు ఎన్ని నిమిషాలుందో చూడండి. వినైల్‌లో బేస్ గట్టిగా రావాలంటే గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగాలి, ఆ ఊగడానికి చోటు కావాలి. 12 ఇంచుల సింగిల్‌లో వైపుకి ఒకటో రెండో పాటలు కాబట్టి గాడి చెక్కే కటింగ్ ఇంజనీరుకి ఇబ్బంది లేదు. అదే ఆల్బమ్‌లో వైపుకి 22 నిమిషాలు పెడితే షేర్ ఆటోలో జనాన్ని కుక్కినట్టు గాడులన్నీ దగ్గర దగ్గరగా నొక్కి, వాల్యూమ్ తగ్గించి కట్ చేయాల్సి వస్తుంది. కిక్, బేస్ మీదే నిలబడే సంగీతానికి ఇది చిన్న విషయం కాదు. నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే 45 వేగంలో (నిమిషానికి 45 చుట్లు) వైపుకి 10 నిమిషాల లోపు, 33 వేగంలో 15 లోపు ఉంటే నిశ్చింతగా కొనొచ్చు, 20 దాటితే అది ఇంట్లో వినడానికి మాత్రమే. కవర్ మీద 180 గ్రాములు అన్న స్టిక్కర్ చూసి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. ప్లేటు దిట్టంగా ఉంటుంది, నిజమే, కానీ గాడిలో చెక్కిన శబ్దం బరువు వల్ల మారదు.

తర్వాత, డబ్బు ఎవరికి చేరుతోంది? ఈ సంగీతం పుట్టినప్పటి నుంచీ నల్లజాతి కళాకారులు సరైన కాంట్రాక్టులు లేక నష్టపోయిన కథలే ఎక్కువ, అందుకే నాకు ఈ ప్రశ్న ధ్వని నాణ్యతతో సమానం.

మళ్లీ దొరుకుతుందా అన్నది మూడోది. చిన్న లేబుళ్లు కొన్ని వందల కాపీలే నొక్కుతాయి, అయిపోతే మళ్లీ వేస్తారన్న గ్యారంటీ లేదు. పెద్ద లేబుల్ ఆల్బమ్ సాధారణంగా కొన్ని నెలలైనా షాపులో ఉంటుంది.

ఇంక ఇంటి గుమ్మం దాకా వచ్చే ఖర్చు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నవాళ్లు అక్కడి షాపుల్లోనే కొంటే ఇది పెద్ద లెక్క కాదు. హైదరాబాద్‌కో విశాఖకో తెప్పించుకునేవాళ్లకి మాత్రం నిర్ణయం సగం ఇక్కడే జరుగుతుంది.

| రకం | ధ్వని | కళాకారులకి వాటా | ఎంత తొందరపడాలి | ఎవరికి |
|---|---|---|---|---|
| కొత్త 12 ఇంచుల సింగిల్ | అన్నిటికంటే బలంగా | సొంత లేబుల్ అయితే బాగా | చాలా | డీజేలు, సీరియస్ కలెక్టర్లు |
| కొత్త ఆల్బమ్ | వైపుకి ఎన్ని నిమిషాలన్న దాన్ని బట్టి | లేబుల్‌ని బట్టి | తక్కువ | ఇంట్లో వినేవాళ్లు |
| రీఇష్యూ | మాస్టర్ (అసలు రికార్డింగ్) ఎక్కడిదన్న దాన్ని బట్టి | లైసెన్స్ సరిగ్గా ఉంటేనే | మధ్యస్థం | పాత క్లాసిక్స్ లేనివాళ్లు |
| కంపైలేషన్, బాక్స్ సెట్ | ఒక్కోటి ఒక్కోలా | పంచుకోగా మిగిలింది | తక్కువ | కొత్తగా మొదలుపెట్టేవాళ్లు |
| వాడిన ఒరిజినల్ | కండిషన్‌ని బట్టి | ఏమీ లేదు | ఓపిక పట్టాలి | పాత ప్రెస్సింగే కావాలనేవాళ్లు |

కొత్త 12 ఇంచుల సింగిల్

ఈ సంగీతం పుట్టిందే ఈ సైజు ప్లేటు కోసం. ఒక వైపు పాడిన వెర్షన్, రెండో వైపు గొంతుని ముక్కలు ముక్కలుగా మాత్రమే వాడే డబ్, వీలైతే ఇన్‌స్ట్రుమెంటల్. సోల్‌ఫుల్ హౌస్ సేకరించేవాళ్లు రెండో వైపు చూసి కొనాలని నా అభిప్రాయం. పాడిన వెర్షన్ స్ట్రీమింగ్‌లో ఎలాగూ ఉంటుంది, డబ్ ఒక్కోసారి ప్లేటు మీద తప్ప ఎక్కడా దొరకదు.

ట్యూబ్‌లైటు కింద ప్లేటుని కాస్త వంచి చూడండి. గాడులు ముదురుగా, లేతగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. కిక్, బేస్ ఆగి కీబోర్డు ఒక్కటే మిగిలే చోట పట్టీ రంగు మారిపోతుంది, మళ్లీ డ్రమ్స్ వచ్చే చోట ఇంకోలా ఉంటుంది. డీజేలు చీకట్లో చిన్న లైటుతో ఈ పట్టీలు చూసే ముల్లు ఎక్కడ దించాలో లెక్కేసుకుంటారు. చివరి పాట ముగిశాక, లేబుల్ కాగితానికి ముందు ఖాళీగా ఉండే చోట చేత్తో గీసిన అక్షరాలు ఉంటాయి. కేటలాగ్ నంబరు, ఒక్కోసారి కట్ చేసిన ఇంజనీరు పొడి అక్షరాలు. ఇంజనీరు అలా గుర్తు పెట్టిన రికార్డు అంటే నాకు నమ్మకం ఎక్కువ.

ఎవరి దగ్గర కొనాలి? డెట్రాయిట్ నుంచి మూడీమన్ నడిపే కేడీజే, మహోగని మ్యూజిక్ లేబుళ్లు. థియో పారిష్ 1997లో మొదలుపెట్టిన సౌండ్ సిగ్నేచర్. అట్లాంటాలో కై ఆల్సే నడిపే ఎన్‌డీఏటీఎల్ మ్యూజిక్. ఈ ముగ్గురిలో థియో రికార్డులు గరుకుగా, దుమ్ము పట్టినట్టు వినిపిస్తాయి, అది ఆయన కావాలని ఉంచుకున్న ధ్వని కాబట్టి తళతళలాడే సౌండ్ కోరుకునేవాళ్లు ఇక్కడ డబ్బు పెట్టొద్దు. మూడీమన్‌వి షాపుకొచ్చిన వేగంలోనే అయిపోతాయి, సెకండ్‌హ్యాండ్ ధర వెంటనే ఎగబాకుతుంది. ఎవరైనా "ఆలోచించి చెప్తా" అంటే ఆ రికార్డు వాళ్లది కానట్టే. కై ఆల్సేవి నిదానంగా మనసులోకి దిగుతాయి, డీప్‌కీ సోల్‌ఫుల్‌కీ సరిగ్గా మధ్యలో ఉండే ధ్వని. ఏదో ఒక్కదానితో మొదలుపెట్టాలంటే నేను ఆయన పేరే చెప్తాను. న్యూయార్క్ వైపు అయితే లూయీ వేగా వేగా రికార్డ్స్, జో క్లాసెల్ సేక్రెడ్ రిథమ్ మ్యూజిక్ ఉన్నాయి. క్లాసెల్ దగ్గర చేతి తాళాలు, వేణువులు, పది నిమిషాలు దాటే వెర్షన్లు.

యూరప్ లేబుళ్లలో స్వీడన్ లోకల్ టాక్, లండన్ ఫ్రీరేంజ్, ఆమ్‌స్టర్‌డామ్ హైస్ట్ ప్రెస్సింగ్ (ప్లేటు నొక్కే నాణ్యత) విషయంలో నిలకడైనవి. మలుపులు తక్కువ, నిరాశ కూడా తక్కువ.

కొత్త ఆల్బమ్

హౌస్ ఆల్బమ్ అనగానే సింగిల్స్ మూటగట్టి అమ్ముతున్నారేమో అన్న అనుమానం సహజం. ఈ మధ్యకాలంలో వచ్చిన నాలుగు ఆల్బమ్‌లు మాత్రం పూర్తిగా ఆల్బమ్‌గా నిలబడ్డాయి, ఒకదానితో ఒకటి పోల్చుకుంటే మీకేది కావాలో తేలిపోతుంది.

లారీ హర్డ్ మిస్టర్ ఫింగర్స్ పేరుతో 2018లో తన సొంత లేబుల్ అలీవియేటెడ్ మీద వేసిన సెరిబ్రల్ హెమిస్ఫియర్స్ మూడు ప్లేట్ల సెట్. డీప్ హౌస్ అంటే ఏమిటో 80ల్లోనే చూపించిన మనిషి. ఇందులో సగం పాటలు డాన్స్ కోసం కూడా కాదు, జాజ్ వైపు, నెమ్మదైన కీబోర్డు వైపు వెళ్తాయి. ఇంట్లో వినే అలవాటుంటే నాలుగింటిలో నా మొదటి ఓటు దీనికే, పైగా డబ్బు నేరుగా ఆయనకే వెళ్తుంది.

కెర్రీ చాండ్లర్ 2022లో కేయాజ్ థియరీ మీద వేసిన స్పేసెస్ అండ్ ప్లేసెస్ ఆలోచనే వేరు. లండన్ మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ లాంటి క్లబ్బుల్లోకి పరికరాలు తీసుకెళ్లి, ఆ హాలు గోడల ప్రతిధ్వనిని బట్టి అక్కడే పాటలు కట్టారు. కిక్ డ్రమ్ విషయంలో ఆయనతో పోటీపడే మనిషి లేరంటాను. చాండ్లర్‌ది న్యూజెర్సీ, నెవార్క్‌లో డీజే టోనీ హంఫ్రీస్ రికార్డులు వాయించిన జాంజిబార్ క్లబ్ చుట్టూ పెరిగిన ధ్వని ఆయనది. ఎడిసన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకి ఇది పక్కూరి సంగీతమన్నమాట, ఆ చుట్టుపక్కల సెకండ్‌హ్యాండ్ షాపుల్లో జెర్సీ లేబుళ్ల పాత ప్లేట్ల కోసం తిరిగే అవకాశం వాళ్లకే ఉంది. ఈ ఆల్బమ్ నుంచి కొన్ని పాటలతో విడిగా 12 ఇంచుల శాంప్లర్లు కూడా వచ్చాయి. డీజేలు సెట్ వదిలేసి శాంప్లర్ వెతుక్కోవడం మేలు.

లూయీ వేగా ఎక్స్‌పాన్షన్స్ ఇన్ ది ఎన్‌వైసీ, 2022, నర్వస్ రికార్డ్స్. నాలుగింటిలో అచ్చమైన సోల్‌ఫుల్ హౌస్ ఇదే. పాప్ గాయని రాబిన్ నుంచి మూడీమన్ దాకా అతిథులు, గాయకులు, వాయిద్యకారులు, పండగ ఇల్లులా ఉంటుంది. అంత నిడివి ఉన్న ఆల్బమ్‌లో అన్నీ ఒకే స్థాయిలో ఉండవు, కొన్ని పాటల్ని మీ ముల్లు దాటేస్తుంది. పాట, గొంతు కావాలనేవాళ్లు ఇది కొనండి. గొంతు అడ్డం అనిపించేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

రాన్ ట్రెంట్ వార్మ్ పేరుతో చేసిన వాట్ డూ ది స్టార్స్ సే టు యూ, 2022, నైట్ టైమ్ స్టోరీస్. ఖ్రుయాంగ్‌బిన్ బ్యాండ్, వయొలిన్ విద్వాంసుడు జాన్ లుక్ పోంటీ, బ్రెజిల్ అజిముత్ బృందం సభ్యులు ఇందులో వాయించారు. ఇది హౌస్ కాదని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో బలం ఉంది కూడా. కానీ ఇంట్లో ఎవరికీ హౌస్ ఇష్టం లేకపోయినా ఆదివారం పొద్దున్న నలుగురూ కలిసి వినగలిగేది ఇదొక్కటే.

నాలుగింటిలో రెండే కొనగలిగితే హర్డ్, చాండ్లర్. ఒకటి చెవికి, ఒకటి కాళ్లకి. ఇప్పటికే షాపుల్లో అయిపోయినవి ఉంటే తొందరపడి రెట్టింపు ధర పెట్టకండి, ఆల్బమ్‌లకి రీప్రెస్ (మళ్లీ నొక్కే) అవకాశం సింగిల్స్ కంటే ఎక్కువ.

రీఇష్యూ

ఇక్కడే కలెక్టర్లు ఎక్కువగా దెబ్బతింటారు. 80ల్లో చికాగో ట్రాక్స్ రికార్డ్స్ మీద వచ్చిన క్లాసిక్స్ పాత ప్లేట్లు కరిగించిన వినైల్ మీద నొక్కారని పేరు, చరచర శబ్దం కొత్త కాపీలోనే వినిపించేది. దానికంటే పెద్ద బాధ ఏమిటంటే, ఆ పాటలు చేసినవాళ్లకి డబ్బు సరిగ్గా ముట్టలేదన్నది. లారీ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ 2020లో ట్రాక్స్ మీద కోర్టుకెళ్లారు, 2022లో రాజీ కుదిరి తమ పాటల హక్కులు తిరిగి తెచ్చుకున్నారు. 1986 నాటి పాట మీద హక్కు చేతికి రావడానికి 36 ఏళ్లు. ఇది తెలిశాక, ఎవరు వేశారో తెలియని రీఇష్యూ నేను కొనలేను.

మంచి రీఇష్యూ ఎలా ఉంటుందో చూడాలంటే రాన్ ట్రెంట్, షే డామియే 90ల్లో చికాగోలో నడిపిన ప్రిస్క్రిప్షన్ లేబుల్ పాటలతో ఆమ్‌స్టర్‌డామ్ లేబుల్ రష్ అవర్ 2017లో వేసిన వర్డ్, సౌండ్ అండ్ పవర్ సంకలనం చూడండి. లైసెన్స్ ఎవరి దగ్గర తీసుకున్నారో, ఏవేవి తొలిసారి వస్తున్నాయో స్పష్టంగా ఉన్నదే కొనదగ్గది. కవర్ మీద లైసెన్స్ వాక్యం లేదు, రీమాస్టర్ చేసినవాళ్ల పేరు లేదు, లేబుల్ పేరు ఎక్కడా వినలేదు అంటే పాత ప్లేటు నుంచి రికార్డు చేసుకుని నొక్కిన దొంగ కాపీ అయ్యుండొచ్చు. రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో అనధికారిక విడుదల అన్న గుర్తు ఉందేమో చూడండి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. షాపులో పెట్టిన శాంపిల్ క్లిప్ హెడ్‌ఫోన్‌లో వినండి, పాట మొదలుకాకముందే సన్నటి చిటపట వినిపిస్తే మాస్టర్ టేపు నుంచి రాలేదేమోనని అనుమానించండి, కొన్నిసార్లు షాపు క్లిప్‌నే ప్లేటు నుంచి తీసుండొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

కంపైలేషన్లు, వాడిన ఒరిజినల్స్

కంపైలేషన్ గురించి ఎక్కువ చెప్పను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక లేబుల్ చరిత్ర అంతా ఒక్క పెట్టెలో వస్తుంది, బాగుంటుంది. రెండేళ్లు కొన్నవాళ్ల దగ్గర అందులో సగం ఇప్పటికే ఉంటాయి.

వాడిన ఒరిజినల్ కొనాలంటే వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్, అంటే కొద్దిపాటి గీతలే ఉన్నది) కంటే తక్కువ గ్రేడు వద్దు, అది కూడా అమ్మేవాళ్లు వాయించి గ్రేడు ఇచ్చారా, చూసి ఇచ్చారా అని అడిగాకే. హౌస్ ప్లేట్లు క్లబ్బుల్లో బతికినవి. డీజే పాట మొదలు వెతుకుతూ ముల్లుని ముందుకీ వెనక్కీ తిప్పిన చోట గాడి అరిగి, మొదటి కొన్ని సెకన్లు బుస్సుమంటుంది, ఫొటోలో అది కనిపించదు. డిస్కాగ్స్‌లో పాత అమ్మకాల మధ్యస్థ ధర చూసి అంతకు మించి ఇవ్వకండి, ఇవాళ అడుగుతున్న ధరలు అమ్మేవాళ్ల ఆశలు మాత్రమే.

మీరెవరు, మీకేది

నిజంగా మిక్స్ చేసేవాళ్లు (ఒక పాటలోంచి ఇంకో పాటలోకి కలిపేవాళ్లు) సింగిల్సే కొనాలి, ఇంకో మాట లేదు. వాటిలో పాట మొదట్లో, చివర్లో డ్రమ్స్ మాత్రమే ఉండే భాగం పొడుగ్గా ఉంటుంది, ఆల్బమ్ వెర్షన్లలో చాలాసార్లు అది కోసేస్తారు.

ఇంట్లో కూర్చుని వినేవాళ్లకి పైన చెప్పిన వరస తిరగబడుతుంది. ఆరు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పే ఓపిక అందరికీ ఉండదు, హర్డ్ ఆల్బమ్ లాంటిది రెండు నెలలు విని తర్వాత సింగిల్స్ వైపు రండి.

రేటు పెరుగుతుందని కొనేవాళ్లకి నా దగ్గర సలహా లేదు. ఒక్క రీప్రెస్‌తో ఆ లెక్కంతా తలకిందులవుతుంది, వినని ప్లేటు కొని అలమరాలో పెట్టడం వల్ల అది కావాల్సినవాళ్లకి దొరక్కుండా పోవడం తప్ప ఏమీ జరగదు.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి కొనేవాళ్లకి లెక్క వేరుగా ఉంటుంది. ఒక్క సింగిల్ యూరప్ నుంచి తెప్పిస్తే పోస్టు ఖర్చు ప్లేటు ధరనే దాటిపోవచ్చు, దాని మీద కస్టమ్స్. అందుకని ఒకే షాపులో ఐదారు పోగుచేసి, లేదా ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి. అందులో ప్రీఆర్డర్ మాత్రం కలపకండి. విడుదల తేదీ వాయిదా పడితే చాలా షాపులు అన్నీ వచ్చేదాకా మొత్తం పార్సిల్ ఆపేస్తాయి, మీ చేతికి రావాల్సినవి కూడా అక్కడే ఉండిపోతాయి. కళాకారులు, లేబుళ్లు నేరుగా అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో లేబుల్ దగ్గరే కొంటే సాధారణంగా డిజిటల్ ఫైళ్లు వెంటనే వస్తాయి, ప్లేటు సముద్రం దాటేలోపు పాట వినేయొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకపోవడమే మంచిది, మన ఎండలో డెలివరీ వ్యాన్‌లో ఒక మధ్యాహ్నం గడిపితే ప్లేటు వంకర తిరిగిపోవచ్చు. ఆర్డర్ నోట్‌లో ప్లేటుని కవర్ బయట పెట్టి పంపమని అడగండి, లేకపోతే దారిలో అది లోపల కదిలి కవర్ అంచు చీలుస్తుంది.

పార్సిల్ విప్పగానే

కొత్త ప్లేటైనా ముందు శుభ్రం చేయండి, ఫ్యాక్టరీ కాగితం పొడి గాడుల్లో ఉంటుంది. తర్వాత పొడుగ్గా సాగే కీబోర్డు కార్డు ఉన్న చోట ముల్లు దించండి. డీప్ హౌస్‌లో అలాంటి చోటు వెతుక్కోవాల్సిన పని లేదు. కార్డు నిలకడగా ఉండాలి. ప్లేటు ఒక చుట్టు తిరిగే సమయానికి ఒకసారి చొప్పున శ్రుతి పైకీ కిందకీ ఊగుతుంటే మధ్య చిల్లు పక్కకి పడిందని అర్థం, ముల్లు పట్టుకున్న చేయి కూడా అదే లయలో పక్కలకి ఊగుతుంది. డ్రమ్స్ మాత్రమే ఉన్న చోట వింటే ఈ లోపం దొరకదు. ఆఖరి పాట చివరి నిమిషం కూడా వినండి, లోపలి గాడుల్లో హై-హ్యాట్, గొంతులో స, ష శబ్దాలు చిరిగినట్టు వస్తున్నాయేమో అక్కడే తెలుస్తుంది. లోపం ఉంటే ఫోన్‌లో ముల్లు చేయి ఊగడం వీడియో తీసి అదే రోజు షాపుకి పంపండి. ఇండియా నుంచి వెనక్కి పంపడం గిట్టుబాటు కాదు కాబట్టి కొంత డబ్బు వాపసు, లేదా తర్వాతి ఆర్డర్‌తో పాటు మంచి కాపీ అని మీరే అడగండి.